సంతోషమ్మ కట్టిన కట్టు

“కదపొద్దవ్వా. ఈ చెయ్యి ఇప్పుడు నీది గాదు, నాది. మూడో కట్టు విప్పినాక నీది నీకిచ్చేస్తా.”

మా అవ్వ తిరుపతిలో ఇంటి గడప తట్టుకుని పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆమెను పుత్తూరు దగ్గరి ఒక కట్టు వైద్యుని ఇంటికి తీసుకువెళ్లినప్పుడు, సంతోషమ్మ నోట నేను విన్న మొదటి మాట ఇదే. అవ్వ నొప్పిలో కూడా ఊరుకునే మనిషి కాదు. “నీదైతే నువ్వే మొయ్యి తల్లీ. నాకు బరువు తగ్గుతాది” అంది. వరండాలో బల్ల మీద కాళ్లు చేతులు పట్టుకుని కూర్చున్న వాళ్లంతా నవ్వారు. సంతోషమ్మ మాత్రం నవ్వలేదు. ‘నాది’ అన్న దగ్గర ఆమె గొంతు ఒక్క క్షణం ఆగినట్టు నాకు అనిపించింది. ఆ తర్వాత ఆమె తలవంచుకుని, పసరులో తడిపిన గుడ్డను అవ్వ చేతికి చుట్టి, నాలుగు వెదురు బద్దలు చుట్టూ పేర్చి, దారంతో బిగించింది.

కట్టు కోసం మూడుసార్లు వెళ్లాము. మూడోసారి వెళ్లేటప్పటికి ఆ గొంతు ఎందుకు ఆగిందో నాకు తెలిసింది. కొంత ఆమే చెప్పింది. కొంత ఆ ఇంటి కట్టు వైద్యుడు, ఆమె యజమాని మునివెంకటప్ప చెప్పాడు.

సంతోషమ్మకు నలభై దాటాయి. పెళ్లయి వచ్చిన మరుసటి సంవత్సరమే మునివెంకటప్ప ఇంట్లో పనికి కుదిరింది. మొదట ఆకు ఏరడం, పసరు నూరడం. తర్వాత వెదురు బద్దలు చెక్కి గరుకు లేకుండా నున్నగా చేయడం. పదేళ్లు గడిచాక పెద్దాయన ఎముక సరిచేసి పక్కకు జరిగితే, చుట్టూ కట్టు వేసేది ఆమే. ఇరవై సంవత్సరాల్లో ఎన్ని వేల మందికి “కదపొద్దు” అని చెప్పిందో లెక్కలేదు. మామిడి చెట్టు మీద నుంచి పడిన పిల్లలకు, బండి జారిన యువకులకు, అరక్కోణం నుంచి రైలెక్కి వచ్చే ముసలివాళ్లకు, అందరికీ ఒకటే మాట. ఆ ఇంట్లో అది వైద్యంలో సగం.

ఆమెకు పెళ్లయిన పన్నెండేళ్లకు ఒక్క బిడ్డ పుట్టింది. ఏడో నెలలోనే పుట్టింది. పేరు జెస్సీ. అద్దాల పెట్టెలో నెలన్నర ఉండి బతికింది. ఏడాది దాటినా కూర్చోలేదు. రెండేళ్లు దాటాక నిలబెడితే రెండు కాళ్లూ కత్తెర వేసుకున్నట్టు ఒకదాని మీద ఒకటి పడేవి. మడమలు నేలకు ఆనేవి కావు. గోడ పట్టుకుని మునివేళ్ల మీద నాలుగడుగులు వేసేది. చెప్పులు కొనిస్తే ముందువైపే అరిగిపోయేవి, మడమ వైపు అంగట్లో ఉన్నప్పటి మెరుపు అట్లాగే ఉండేది. మాట మాత్రం గలగలమని వచ్చేది. చర్చిలో వాక్యాలు ఒకసారి వింటే మళ్లీ చెప్పేది.

నాలుగో ఏట సంతోషమ్మ బిడ్డను ఎత్తుకువచ్చి పెద్దాయన ముందు పడుకోబెట్టింది. ఆయన చాలాసేపు తుంటి నుంచి మడమ దాకా తడిమి చూశాడు. చేతులు తుడుచుకుని, “ఎముక బాగుండాది. కీలు బాగుండాది. పట్టి లాగేది యాడనో పైన ఉండాది సంతోషమ్మా. నా చేతికి దొరకదు. నేను కడితే పాపం” అన్నాడు.

ఊళ్లో వాళ్లు చెప్పినవన్నీ చేశారు. నువ్వుల నూనెతో మర్దన చేశారు. ఇసుకలో నడుము దాకా పాతిపెట్టారు. ఉపవాస ప్రార్థనలు చేయించారు. జెస్సీ నవ్వుతూనే ఇసుకలో కూర్చుంది. కాళ్లు మాత్రం మారలేదు.

బడికి వేశాక అసలు కష్టం తెలిసింది. బడి మునివెంకటప్ప ఇంటికి రెండు వీధుల అవతల. రోజూ పదకొండు గంటల విరామానికి సంతోషమ్మ పసరు చేతులు కడుక్కుని పరుగున వెళ్లి, బిడ్డను ఎత్తి మరుగుదొడ్డికి తీసుకుపోయి, మళ్లీ తరగతిలో కూర్చోబెట్టి వచ్చేది. కట్టు మధ్యలో ఉన్నప్పుడు ఆలస్యమయ్యేది. ఒకరోజు అరగంట ఆలస్యమైంది. ఆ అరగంటలో ఏం జరిగిందో, తరగతిలో పిల్లలు ఏమన్నారో జెస్సీ ఎప్పుడూ చెప్పలేదు. కానీ మరుసటి రోజు నుంచి నీళ్ల సీసా నిండుగానే ఇంటికి వచ్చేది. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు దాకా ఆ బిడ్డ చుక్క నీళ్లు తాగేది కాదు. ఎండాకాలంలో పెదవులు పగిలి వచ్చేది.

“తాగొచ్చు గదా పాపా, నేను వస్తా గదా?” అంటే, “దాహం కాలేదుమా” అనేది.

తిరుపతిలో ఒక ఆసుపత్రిలో ఇట్లాంటి పిల్లలకు వెన్నులో నరాల ఆపరేషన్ చేస్తున్నారని చెప్పింది బడి టీచరు. జయరావు, అంటే సంతోషమ్మ భర్త, మామిడి మండీలో మోత పని మానుకుని రెండు రోజులు వాళ్లతో తిరిగాడు. డాక్టరు పేరు సుకుమార్. ఆయన జెస్సీని నడిపించి చూశాడు, కాళ్లు మడిచి చూశాడు, తల స్కానింగ్ చేయించాడు. చివరికి బొమ్మ గీసి చెప్పాడు.

నెలలు నిండకముందే పుట్టినప్పుడు మెదడులో ఒక చిన్న భాగం దెబ్బతింది. కండను వదులు చేయమని పైనుంచి రావలసిన కబురు కాళ్లకు సరిగ్గా అందడం లేదు. కాళ్ల నుంచి వెన్నులోకి పోయే కబురు మాత్రం మోతాదు మించి పోతోంది. అందుకే కండ ఎప్పుడూ బిగుసుకునే ఉంటుంది. వెన్ను కింది భాగంలో ఆ నరాలు జడపాయల్లాగా ఉంటాయి. ఒక్కో పాయను సన్నటి కరెంటుతో తట్టి చూసి, మరీ అల్లరి పెట్టేవాటిని మాత్రం ఎంచి కత్తిరిస్తారు. దెబ్బతిన్న మెదడు బాగుకాదు. బిగువు తగ్గుతుంది.

“ఒక్క మాట గుర్తుపెట్టుకోండమ్మా” అన్నాడు డాక్టరు. “ఇన్నాళ్లూ మీ పాప నిలబడింది బలంతో కాదు, ఆ బిగువుతో. బిగువు తీసేస్తే కాళ్లు ముందుకన్నా మెత్తగా, చేతకానట్టు కనిపిస్తాయి. అప్పుడు భయపడకూడదు. ఆ రోజు నుంచే కదిలించి బలం నేర్పించాలి. నా పని ఐదారు గంటలది. మీ పని ఏడాది.”

తర్వాత ఆయన జెస్సీ వైపు వంగి, “నీకేం కావాలమ్మా? పరుగెత్తాలా, డాన్స్ చేయాలా?” అని అడిగాడు.

జెస్సీ నాయన వైపు చూసి, అమ్మ వైపు చూసి, తల దించుకుంది. “బడిలో బాత్రూంకి నేనే పోవాల” అంది.

జయరావు లేచి బయటికి వెళ్లిపోయాడు. ఆ కుటుంబం కోరుకున్నది అంతే. అంతకు మించి ఏదీ అడగలేదు.

ఏప్రిల్‌లో, ఒకటో తరగతి పరీక్షలయ్యాక ఆపరేషన్ జరిగింది. నాలుగు రోజులు బోర్లా, పక్కకు పడుకోబెట్టారు. ఐదో రోజు ఆయా బట్టలు మారుస్తుంటే సంతోషమ్మ చూసి దగ్గరికి వెళ్లింది. ఏడేళ్లుగా జెస్సీకి లాగు తొడగాలంటే రెండు కాళ్లనూ బలవంతాన విడదీయాలి. ఆ రోజు కాళ్లు తమంతట తామే పక్కకు వాలి ఉన్నాయి. “మొదటిసారి నా చెయ్యి రెండు కాళ్ల మద్దెన పట్టిందమ్మా” అని నాతో చెప్పింది. “సంతోషపడల్సింది. నాకు గుండె జల్లుమన్నాది. అట్ల వాలిపోయే కాళ్లను నేను ఎప్పుడూ యాడ సూసినా? ఇరిగినోళ్లకే గదా.”

వ్యాయామం చేయించే అమ్మాయి పేరు గోదా. తిరుపతి అమ్మాయే, గుడి కైంకర్యాల ఇంటి పిల్ల. రోజుకు రెండుసార్లు వచ్చి జెస్సీని పక్కకు దొర్లించేది, మోకాళ్ల మీద నిలబెట్టేది, అరికాళ్లకు మెత్తటి గుడ్డ, గరుకు గుడ్డ మార్చి మార్చి రాసేది. ఆపరేషన్ తర్వాత కొన్నాళ్లు అరికాళ్లు మంటపుట్టినట్టు ఉంటాయట. జెస్సీ ఏడ్చేది. గోదా కథలు చెబుతూ ఏడుపు మధ్యలోనే పని సాగించేది. సంతోషమ్మ గోడకు ఆనుకుని, చేతులు వెనక్కి పెట్టుకుని చూసేది. మూడు వారాలకు ఇంటికి పంపించారు. బొమ్మలు వేసిన కాగితం ఇచ్చారు. నెలకు మళ్లీ రమ్మన్నారు.

జయరావు చిత్తూరు మండీకి వెళ్లాడు. మే నెల, కాయ దిగే కాలం. ఆ పని మళ్లీ ఏడాదికి గాని దొరకదు. ఇంట్లో తల్లీ బిడ్డా మిగిలారు.

మొదటి రెండు రోజులు సంతోషమ్మ కాగితం ముందు పెట్టుకుని చేయించింది. మూడో రోజు మోకాలు మడిచేటప్పుడు లోపల ‘టక్’ మని ఏదో చప్పుడైంది. జెస్సీ కేక పెట్టింది. తర్వాత ఆసుపత్రిలో చెప్పారు, అది ఏమీ కాదని, చాలామంది కీళ్లలో అట్లా చప్పుడవుతుందని. కానీ ఇరవై ఏళ్లుగా ఆమె విన్న ‘టక్’లన్నీ విరిగిన ఎముకలవి. ఆమె కాలు కింద పెట్టింది. కాలు తడిగుడ్డలాగా పక్కకు వాలింది. బిడ్డ ఏడుస్తూనే ఉంది.

అట్లాంటి కాలు, అట్లాంటి ఏడుపు కళ్ల ముందు ఉన్నప్పుడు చేయవలసింది ఆమెకు ఒక్కటే తెలుసు. పెరట్లో ఆకు ఉంది. పసరులో కలపడానికి ఇంట్లో కోడిగుడ్లు ఉన్నాయి. అటక మీద చెక్కిన బద్దలు ఉన్నాయి. ఆలోచించేలోపే చేతులు పని మొదలుపెట్టాయి. తొడ నుంచి చీలమండ దాకా రెండు కాళ్లకూ కట్టు కట్టింది.

“కదపొద్దు పాపా. ఇవి ఇప్పుడు నీ కాళ్లు గాదు, నావి. మూడో కట్టు విప్పినాక నీవి నీకిస్తా.”

జెస్సీ ఏడుపు ఆపింది. చల్లటి పసరుకు కాళ్ల మంట తగ్గినట్టుంది, కాసేపటికి నిద్రపోయింది. ఆ నిద్రే సంతోషమ్మను మోసం చేసింది. కోసిన నరం కూడా ఎముకలాగే అతుక్కోవాలని, అతుక్కునేదాకా కదలకూడదని, ఆసుపత్రివాళ్లు తొందరపడుతున్నారని ఆమె మనసు తనకు తాను చెప్పుకుంది. మూడు కట్లు అయ్యాక కాగితంలో ఉన్నవన్నీ చేయిద్దామనుకుంది. ఎనిమిది రోజులకు రెండో కట్టు మార్చింది.

గోదా వారానికొకసారి ఫోన్ చేసేది.

“అక్కా, వ్యాయామాలు చేయిస్తున్నారా?”

“ఆఁ, మేడం.”

“జెస్సీ ఏడుస్తోందా?”

“లేదు మేడం. ఇప్పుడు ఏడవడం లేదు.”

రెండో మాట నిజమే.

కట్టు కట్టిన పంతొమ్మిదో రోజు ఉదయం మునివెంకటప్ప తన పాత మోపెడ్ మీద వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి. సంచిలో బేనీషా మామిడికాయలు తెచ్చాడు. గడప దగ్గర్నుంచే గట్టిగా, “ఏమ్మే సంతోషమ్మా, పన్లోకి ఎప్పుడొస్తావు? నువ్వు లేకపోతే నా ఇంట్లో వాళ్లు ఆకుతో పాటు రాయిని గూడా నూరతాండారు. కట్టు కట్టించుకున్నోళ్లు గీరుకుపోయిందని గోల” అన్నాడు.

జెస్సీ పకపకా నవ్వింది. ఆయన మంచం పట్టె మీద కూర్చుని బిడ్డ తల నిమిరాడు. కాయ చేతికిచ్చాడు. కాళ్ల మీది దుప్పటి సరిచేయబోయి ఆగిపోయాడు. ఆయన ముక్కుకు ఆ పసరు వాసన తెలియకుండా ఎట్లా ఉంటుంది? దుప్పటి తీసి చూశాడు.

“ఎవురు కట్టినారు?”

“నేనే సామీ.”

ఆయన బద్దల మీద వేళ్లతో మెల్లగా తట్టాడు. దారం ముడి చూశాడు. “కట్టు బాగుండాది” అన్నాడు. “ఈ ఇరవై ఏండ్లలో నువ్వు కట్టిన కట్లలో ఇంత మంచి కట్టు నేను సూళ్లేదు. ఎముక ఇరిగుంటే.”

సంతోషమ్మ గోడకు ఆనుకుంది.

“కత్తి తే.”

ఆయనే దారాలు కోశాడు. బద్దలు ఒక్కొక్కటి తీసి నేలమీద పెట్టాడు. గుడ్డ విప్పాడు. ఆకుపచ్చ మరకలతో రెండు కాళ్లు బయటపడ్డాయి. వెదురు బద్దలకూ వాటికీ పెద్ద తేడా లేదు. పిక్కల మీద కండ అన్నది లేదు.

“పాపా, బొటనేలు ఆడించు సూద్దాం.”

జెస్సీ బొటనవేలు ఆడించలేదు. తల తిప్పి అమ్మ వైపు చూసింది.

“కదపొచ్చా మా?”

నాకు ఈ సంగతి చెబుతున్నప్పుడు సంతోషమ్మ ఆ మాట దగ్గర ఆగి, చేతిలోని పసరు గుడ్డను గిన్నెలో వదిలేసింది. మా అవ్వ తన మంచి చేతిని ఆమె భుజం మీద వేసింది.

“కదపొచ్చు” అంది ఆ రోజు సంతోషమ్మ.

మునివెంకటప్ప ఆమెను తిట్టలేదు. పసిబిడ్డకు పాఠం చెప్పినట్టు అడిగాడు. “మూడో కట్టు ఇప్పినాక మనం వచ్చినోళ్లకు ఏం చెప్తాం?”

“వేన్నీళ్లు పోసి, నూనె రాసి, దినామూ కదిలించమని చెప్తాం.”

“ఎందుకు?”

“కట్టులో ఉంటే బిగుసుకుపోతాది గనక.”

“బిగుసుకుపోతాది గనక” అన్నాడు ఆయన. “బిగువు తీసేదానికి బిడ్డ వెన్ను కోయిస్తివి. మళ్లా నీ చేత్తోనే బిగించి పెడితివి. లెయ్, చీర మార్చుకో. బస్సుకు పోదాం.”

తిరుపతి వెళ్లే బస్సులో జెస్సీ ఆయన ఒళ్లో కూర్చుంది. దారంతా మామిడికాయల లారీలు లెక్కపెట్టింది. సంతోషమ్మ పక్క సీట్లో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

గోదా కాళ్లను చూడగానే ఆకు మరకలు గుర్తుపట్టింది. ఆ ప్రాంతంలో పుట్టిన ఎవరైనా గుర్తుపడతారు. కొలిచే పరికరం తీసి తుంటి, మోకాలు, చీలమండ కొలుచుకుంది. పాత కాగితం పక్కన పెట్టి చూసుకుంది. అప్పుడు తలెత్తింది.

“నేను ఫోన్ చేసినప్పుడు ‘ఆఁ’ అన్నారు కదక్కా?”

సంతోషమ్మ తల ఊపింది.

“మూడుసార్లు అడిగాను.”

“తప్పు నాది తల్లీ” అన్నాడు మునివెంకటప్ప. “ఆ చేతికి పని నేర్పింది నేను. కదపొద్దనే నేర్పినాను. కదిలించేది నేర్పలేదు.”

“అట్లా చెప్పకండి తాతా, మీరు చెప్పినంత మాత్రాన...” గోదా కోపంతో మొదలుపెట్టింది గాని పూర్తి చేయలేకపోయింది. కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడింది. తిరిగి వచ్చేటప్పటికి ఆమె గొంతు మారింది. “పోయిన రోజులు తెచ్చుకోలేము. మొదటి వారాల్లో రావలసిన బలం రాలేదు. పిక్క వెనక మళ్లీ కొంచెం పట్టేసింది. దానికి రాత్రిపూట పట్టీలు వేద్దాం. ఎంత వస్తుందో నేను ఇప్పుడు చెప్పను. చెబితే అబద్ధమవుతుంది.”

“నడుస్తాదా మేడం?”

“చెప్పను అన్నాను కదక్కా.”

ఆ తర్వాత గోదా ఆమెను జెస్సీ పక్కన కూర్చోబెట్టింది. “ఇన్నాళ్లూ మీరు గోడ దగ్గర నిలబడి చూశారు. నేను అప్పుడే పిలవాల్సింది, పిలవలేదు. రండి, ఈ మడమ పట్టుకోండి.” సంతోషమ్మ పట్టుకుంది. గోదా ఆ పట్టు చూసింది. వేళ్లు ఎక్కడ ఉండాలో అక్కడే ఉన్నాయి. బిడ్డకు నొప్పి లేదు. “ఇట్లాగే పట్టుకోండి. ఇప్పుడు పైకి తోయండి. ఆపకండి. ఏడ్చినా ఆపకండి.”

జెస్సీ ఏడ్చింది. సంతోషమ్మ ఆపలేదు.

మరుసటి రోజు మునివెంకటప్ప ఇంటి నుంచి రెండు పొడవాటి వెదురు గడలు వచ్చాయి. బద్దలుగా చీల్చడానికి నీడలో ఎండబెట్టినవి. సంతోషమ్మ పెరట్లో నాలుగు గుంజలు పాతి, వాటి మీద ఆ గడలను జెస్సీ నడుమెత్తులో సమంగా కట్టించాడు ఆయన. “ఈటిని చీల్చొద్దు. పట్టుకుని నడిచేదానికి” అన్నాడు. సంతోషమ్మను పనిలోకి రావద్దన్నాడు. అక్టోబరు దాకా ఆమె వెళ్లలేదు.

ఆ నెలల గురించి ఆమె ఎక్కువ చెప్పలేదు. వారానికి మూడుసార్లు తిరుపతి బస్సు. మిగతా రోజులు ఇంటి పెరడు. మొదట మంచం అంచున కూర్చుని లేవడం, అదే పదిసార్లు, ఇరవైసార్లు. తర్వాత గడలు పట్టుకుని నిలబడడం. జూన్‌లో బడి తెరిచారు, జెస్సీ వెళ్లలేదు. జూలైలో నాలుగడుగులు వేసి పడింది. ఆగస్టులో ఒక వారం కాలు కదపనని మొండికేసింది. చిత్తూరు నుంచి జయరావు వచ్చినప్పుడు, “ఇంక చాలులే సంతోషా, బిడ్డను ఏడిపించకు” అన్నాడు. “ఏడవకుండా ఉంచింది చాల్లే. పంతొమ్మిది దినాలు ఉంచితిని గదా” అందామె. అతను మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఒకరోజు నడిపిస్తుంటే జెస్సీ పక్కకు ఒరిగింది. సంతోషమ్మ చప్పున మోకాళ్లు పట్టుకుంది. జెస్సీ ఆమె చేతిమీద ఒక్కటి కొట్టింది.

“వదులుమా! నువ్వు కట్టినప్పుడు ‘నావి’ అంటివి గదా. ఇంక ఇవి నావే.”

సంతోషమ్మ వదిలింది. బిడ్డ పడింది. పడి, గడ పట్టుకుని లేచింది.

వర్షం వెలిసిన మధ్యాహ్నం, తడిసిన పెరట్లో సంతోషమ్మ ఒక జాడ చూసింది. ఐదు వేళ్లు, వాటి వెనక అరికాలు, దాని వెనక గుండ్రంగా మడమ. కుడికాలిది పూర్తిగా పడింది. ఎడమ కాలిది సగమే. ఎడమది ఇప్పటికీ సగమే. కట్టు కట్టి ఉండకపోతే అదీ పడేదా అని ఒకసారి గోదాను అడిగిందట. గోదా, “తెలీదక్కా” అంది. ఆమె దయతో అన్నదో, నిజంగా తెలియకే అన్నదో సంతోషమ్మ తేల్చుకోలేకపోయింది. “ఆ ‘తెలీదు’ నాకు ఎప్పటికీ ఉంటాదమ్మా” అని నాతో అంది.

దసరా సెలవుల తర్వాత జెస్సీ బడికి వెళ్లింది. ముందు చక్రాలున్న నడక చట్రం, కాళ్లకు చీలమండ దాకా పట్టీలు. అదే వారం సంతోషమ్మ మళ్లీ పనిలో చేరింది. పదకొండింటికి అలవాటు ప్రకారం చేతులు కడుక్కుని బడికి వెళ్లేది. జెస్సీ ఆమె చెయ్యి పట్టుకునే మరుగుదొడ్డికి వెళ్లేది. నీళ్ల సీసా మాత్రం నిండుగానే వచ్చేది.

నవంబరులో ఒక రోజు చిత్తూరు వైపు నుంచి తుంటి విరిగిన ముసలాయన్ని తెచ్చారు. పెద్దాయన ఒక్కడి వల్ల కాలేదు. సంతోషమ్మ పట్టుకోవలసి వచ్చింది. కట్టు పూర్తయి గడియారం చూసేసరికి పన్నెండు కావస్తోంది. ఆమె పసరు చేతులతోనే పరుగెత్తింది.

తరగతిలో జెస్సీ జాగా ఖాళీగా ఉంది. టీచరు బోర్డు మీద రాస్తూనే, వేలితో వరండా చివరి వైపు చూపించింది. సంతోషమ్మ అటు వెళ్లింది. మరుగుదొడ్డి తలుపు బయట నడక చట్రం గోడకు ఆనించి ఉంది. లోపల గోడకున్న ఇనుప కడ్డీ పట్టుకున్న చప్పుడు, కాసేపు నిశ్శబ్దం, తర్వాత చెంబుతో నీళ్లు పోస్తున్న చప్పుడు. తలుపు లోపల గడియ పెట్టి ఉంది. ఏడేళ్ల ఆ బిడ్డ జీవితంలో తలుపుకు లోపలి నుంచి గడియ పెట్టుకోవడం అదే మొదటిసారి.

సంతోషమ్మ తలుపు తట్టలేదు. పిలవలేదు. స్తంభం వెనకకు జరిగింది. తలుపు తెరుచుకుంది. జెస్సీ చౌకట్టు పట్టుకుని చట్రం అందుకుంది. ఎడమ మడమ ఎత్తి, కుడి మడమ ఆనించి, వరండా పొడవునా మెల్లగా వెళ్లిపోయింది. తల్లిని చూడలేదు. సంతోషమ్మ అట్లాగే తిరిగి పనికి వెళ్లింది.

సాయంత్రం సంచి తీసి చూస్తే నీళ్ల సీసా సగం ఖాళీగా ఉంది.

అవ్వ మూడో కట్టు విప్పిన రోజు, సంతోషమ్మ ఆమె చేతిని వేన్నీళ్లతో కడిగి, నూనె రాసి, మణికట్టును మెల్లగా అటూ ఇటూ తిప్పింది. అవ్వ మూలిగింది.

“నొస్తాంది సంతోషమ్మా, వదులు.”

“నొస్తాది అవ్వా. కదుపు. ఇది ఇంక నీదే.”

అవ్వ కదిపింది. సంతోషమ్మ గోడ మీది గడియారం చూసింది. పదకొండయింది. ఆమె చేతులు కడుక్కోలేదు. బల్ల మీద తర్వాత కూర్చున్న మనిషిని ముందుకు రమ్మంది.